పల్ప్‌ను పదిహేడేళ్ళు ఎవరు పోషించారు?

ఇంగ్లండ్ ఇండీ రాక్ బ్యాండ్ పల్ప్ కథ చెప్పేవాళ్ళు చాలావరకు 1995 జూన్ 24తో మొదలుపెడతారు. ఆ రాత్రి గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో పెద్ద వేదిక మీద ఆఖరున వాయించాల్సింది స్టోన్ రోజెస్. వాళ్ళ గిటారిస్టు జాన్ స్క్వైర్ సైకిల్ మీంచి పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ ఖాళీ పల్ప్‌కి దక్కింది. ‘కామన్ పీపుల్’ విడుదలై అప్పటికి నెల దాటిందంతే, కానీ మైదానంలో వేలమంది దాన్ని కంఠతా పాడారు. ఆ పాట ఎత్తుకునే ముందు గాయకుడు జార్విస్ కాకర్, నాలాంటి బక్కపలచటి మనిషికే ఇది సాధ్యమైందంటే మీకెందుకు సాధ్యం కాదు అన్న అర్థం వచ్చేలా జనంతో మాట్లాడాడు.

ఆ మాట నాకు చాలా ఇష్టం. అయితే అది సగం నిజమే. అతనికది ఎలా సాధ్యమైందో తెలియాలంటే అంతకుముందు పదిహేడేళ్ళు చూడాలి. అన్నేళ్ళూ ఒక పేదింటి కుర్రాడు, పేరు రాని ఒక బ్యాండ్, తిండికి మాడిపోకుండా ఎలా నిలిచారన్నది చూడాలి. జార్విస్ ప్రతిభ గురించి పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. ఆ ప్రతిభకు అన్నం పెట్టిన చేతుల గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

1978. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరం, సిటీ స్కూల్లో ఎకనామిక్స్ క్లాసు. ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికలో సరుకుల ధరల పట్టీ చూస్తుంటే పదిహేనేళ్ళ జార్విస్‌కి కాఫీ గింజల రకం పేరొకటి కంటపడింది. దాన్నుంచి ‘అరబికస్ పల్ప్’ అని బ్యాండ్‌కి పేరు పెట్టుకున్నారు. పలకడానికి కష్టమైన ముందు ముక్క త్వరలోనే రాలిపోయింది. జార్విస్‌కి ఏడేళ్ళప్పుడు తండ్రి ఇల్లు వదిలి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. ఇద్దరు పిల్లల్నీ తల్లే పెంచింది. కుర్రాడు శనివారాలు ఊరి మార్కెట్‌లో చేపల కొట్టులో పనిచేసేవాడు, పీతలు తోమేవాడు. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాడు ‘నేను పాప్ స్టార్ని అవుతాను’ అంటే ఎవరైనా నవ్వి ఊరుకుంటారు.

నవ్వనివాడు ఒకడు దొరికాడు. బీబీసీ రేడియో 1లో రాత్రిపూట కార్యక్రమం నడిపే జాన్ పీల్ 1981లో షెఫీల్డ్ పాలిటెక్నిక్‌కి వచ్చినప్పుడు జార్విస్ ఓ క్యాసెట్ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాడు. పీల్‌కి ఇలాంటి క్యాసెట్లు కుప్పలు తెప్పలుగా వచ్చేవి, ఆయన వినేవాడు కూడా. అదే ఏడాది నవంబరులో ఈ స్కూలు పిల్లలను బీబీసీ స్టూడియోకి పిలిచి పాటలు రికార్డు చేయించాడు. అప్పటికి వాళ్ళకు ఒక్క రికార్డూ లేదు. టీవీ ఉన్న ఇళ్ళవాళ్ళు కట్టే లైసెన్సు ఫీజుతో నడిచే సంస్థ గనక, ఆ పాటలు ఎంత అమ్ముడవుతాయన్న లెక్క వేసుకోవలసిన పని ఆయనకు లేకపోయింది. ఈ సంగతి నేను పదే పదే చెబుతుంటాను. మార్కెట్‌కి జవాబుదారీ కాని మనిషి ఒకడు, మంచి చెవి ఉన్నవాడు, సరైన కుర్చీలో కూర్చుంటే ఒక దేశపు సంగీతానికి ఎంత మేలు జరుగుతుందో చూడాలంటే పీల్‌ని చూస్తే చాలు.

పీల్ పిలుపుతో దశ తిరుగుతుందనుకున్నారు. తిరగలేదు. తోటి కుర్రాళ్ళు కాలేజీ చదువులకని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. జార్విస్ ఊళ్ళోనే ఉండిపోయాడు. కొత్తవాళ్ళను పోగేసి 1983లో ‘ఇట్’ అనే చిన్న ఆల్బమ్ తెచ్చాడు. కొన్నవాళ్ళు లేరు. రస్సెల్ సీనియర్ వయొలిన్, గిటార్ పట్టుకుని చేరాడు. 1984లో కీబోర్డు వాయించే క్యాండిడా డాయిల్ వచ్చింది. టీనేజీలోనే కీళ్ళవాతం పట్టుకున్న అమ్మాయి, ఆ వేళ్ళతోనే ఇప్పటికీ వాయిస్తోంది.

అప్పటి షెఫీల్డ్ ఎలా ఉండేదంటే, ఉక్కుతో బతికిన ఊరు ఉక్కు లేక కూలబడింది. ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి, వేల ఉద్యోగాలు పోయాయి. ఆ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. ఎన్నో ఇళ్ళు ఆరిపోయాయి. కానీ ఆ కాలంలో ఊరి కుర్రకారుకి నాలుగు ఆసరాలు మిగిలాయి. మొదటిది డోల్, అంటే నిరుద్యోగ భృతి. జార్విస్ ఆ ఏళ్ళలో చాలాకాలం దానిమీదే బతికాడు. రెండోది చౌక గది. పాడుబడ్డ ఫ్యాక్టరీ భవనాల్లో నామమాత్రపు అద్దెకు చోటు దొరికేది, అక్కడే కాపురం, అక్కడే రిహార్సల్. మూడోది బస్సు. స్థానిక ప్రభుత్వం రాయితీ ఇవ్వబట్టి షెఫీల్డ్ ఉన్న సౌత్ యార్క్‌షైర్‌లో పిల్లలు 2 పెన్నీలతో ఊరంతా తిరిగేవాళ్ళు, పెద్దవాళ్ళ టికెట్టూ అలాగే చౌక. కేంద్రం తెచ్చిన చట్టంతో 1986లో ఆ రాయితీ పోయింది. నాలుగోది వేదిక. ఓ పాత పిండిమిల్లులో 1980లో లెడ్‌మిల్ అనే హాలు పెట్టారు. పల్ప్ తొలినాళ్ళ ప్రదర్శనలకు చోటిచ్చినవాటిలో అదొకటి.

వేదికను పక్కనపెడితే, మిగతా మూడింటిలో ఏ ఒక్కటీ కళను పోషిద్దామని పుట్టింది కాదు. భృతి ఉద్యోగం పోయినవాళ్ళ కోసం, బస్సు పనికి వెళ్ళేవాళ్ళ కోసం. ప్రధాని థాచర్ ప్రభుత్వం 1983లో దేశమంతటా అమలు చేసిన ఎంటర్‌ప్రైజ్ అలవెన్స్ పథకమైతే నిరుద్యోగుల లెక్క తగ్గించుకోవడానికి పెట్టింది. బ్యాంకులో 1,000 పౌండ్లు చూపించి సొంత వ్యాపారం మొదలుపెడితే ఏడాదిపాటు వారానికి 40 పౌండ్లు ఇచ్చేవాళ్ళు. తర్వాత ఒయాసిస్ బ్యాండ్‌ని వెలుగులోకి తెచ్చిన క్రియేషన్ రికార్డ్స్ యజమాని ఆలన్ మెక్‌గీ ఆ పథకంలో ఉన్నవాడే. ఎవరికోసమో తవ్విన కాలువ పక్క చేలకు కూడా పారినట్టు ఆ డబ్బు పాటకు పారింది.

1985 నవంబరులో జార్విస్ ఒక అమ్మాయి మెప్పు కోసం కిటికీ బయట గట్టు పట్టుకుని వేలాడాడు. మళ్ళీ లోపలికి రాలేక కింద పడ్డాడు. కటి ఎముక, చీలమండ, మణికట్టు విరిగాయి. కొన్ని వారాలు ఆస్పత్రిలో, ఆ తర్వాత కొంతకాలం చక్రాల కుర్చీలో. కచేరీలు మాత్రం మానలేదు, కుర్చీలోనే కూర్చుని పాడాడు. ఆ ఆస్పత్రి మంచం మీద ఉండగానే తన చూపు మారిందని ఆయనే చెప్పుకున్నాడు. చుట్టూ మంచాల మీద ఉన్నవాళ్ళు మామూలు కష్టజీవులు. వాళ్ళు ఇళ్ళ గురించీ పనుల గురించీ చెప్పుకునే మాటలు వింటూంటే, పాటకు వస్తువు ఎక్కడో ఆకాశంలో లేదని అతనికి తట్టింది. పల్ప్ పాటల్లో మనకిష్టమైనవన్నీ అక్కణ్ణించే మొదలయ్యాయి. తివాచీల రంగు, చవక వాల్‌పేపర్, సూపర్ మార్కెట్, పక్కగదిలోంచి వినపడే గొంతులు. ఇంతటి వైద్యానికి అతను పైసా కట్టలేదన్నది కూడా ఈ కథలో భాగమే. సర్కారు ఆస్పత్రి లేకపోతే ఇరవై రెండేళ్ళ నిరుద్యోగి ఆ అప్పు తీర్చడానికి ఏ గోదాములోనో చేరేవాడు, పల్ప్ అక్కడితో సరి.

బ్యాండ్ బతుకు మాత్రం బాగుపడలేదు. 1987లో ఫైర్ రికార్డ్స్ నుంచి ‘ఫ్రీక్స్’ వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. 1989లో రికార్డు చేసిన ‘సెపరేషన్స్’ బయటికొచ్చేసరికి 1992. విసిగిపోయిన జార్విస్ 1988లో లండన్‌లో సెయింట్ మార్టిన్స్ కళాశాలలో సినిమా చదువుకి చేరాడు. అప్పుడతనికి పాతికేళ్ళు. ఆ రోజుల్లో బ్రిటన్ విద్యార్థులకు డిగ్రీ చదువుకి ఫీజు లేదు, ఆదాయం తక్కువున్నవాళ్ళకు ఖర్చులకు గ్రాంటు కూడా వచ్చేది. ఆ కాలేజీలోనే గ్రీసు నుంచి వచ్చిన ఒక సంపన్నుల అమ్మాయి, తూర్పు లండన్‌లో మామూలు జనంలా బతకాలనుందని అతనితో అంది. ఆ మాట ఏళ్ళ తరబడి అతని మనసులో నానింది. తర్వాత నాటింగ్ హిల్‌లో సెకండ్ హ్యాండ్ దుకాణంలో కొన్న చిన్న క్యాసియో కీబోర్డు మీద ఆడుకుంటుంటే ఓ రాగం తగిలింది. అదే ‘కామన్ పీపుల్’.

ఆ పాటను డబ్బున్న పిల్ల మీద ఎగతాళిగా విని వదిలేసేవాళ్ళున్నారు. నా దృష్టిలో ఇంగ్లిష్ పాప్ సంగీతంలో అంతకన్నా కోపంగల పాట తక్కువ. వెనక్కి వెళ్ళే దారి ఉన్నవాడు పేదరికాన్ని రుచి చూడటానికీ, ఆ దారి లేనివాడు దాన్లో బతకడానికీ మధ్య ఉన్న గోడను అది చేత్తో తడిమి చూపిస్తుంది. మొదట మాట్లాడుతున్నట్టు మెల్లగా నడిచే పాట, నిమిషం నిమిషానికీ వేగం పుంజుకుంటూ పోయి చివరికి గొంతు బొంగురుపోయేలా అరుపవుతుంది. వేగం అలా పెరగడం అలంకారం కాదు, కోపం ఉడికే తీరే అది.

ఇక తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1994లో ‘హిజ్ ఎన్ హర్స్’. 1995 మేలో ‘కామన్ పీపుల్’ రెండో స్థానం దాకా వెళ్ళింది. ఆ అక్టోబరులో ‘డిఫరెంట్ క్లాస్’ నేరుగా మొదటి స్థానానికి చేరింది, మరుసటేడు మెర్క్యురీ బహుమతి తెచ్చింది. బహుమతి డబ్బును యుద్ధంలో చిక్కుకున్న పిల్లల కోసం పనిచేసే వార్ చైల్డ్ సంస్థకి ఇచ్చేశారు. 1996 ఫిబ్రవరిలో బ్రిట్ అవార్డుల సభలో మైకేల్ జాక్సన్ పాడుతుండగా జార్విస్ పిలవకుండానే వేదికెక్కి పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళొచ్చాడు. పత్రికలు దాని గురించి రాసినన్ని పేజీలు పాటల గురించి రాయలేదు. 1998లో వచ్చిన ‘దిస్ ఈజ్ హార్డ్‌కోర్’ కీర్తి తర్వాతి తలనొప్పిలా చీకటిగా ఉంటుంది. నాకు దానిమీద మమకారం ఎక్కువ. గాయకుడు స్కాట్ వాకర్ ప్రొడ్యూసర్‌గా 2001లో ‘వి లవ్ లైఫ్’ వచ్చింది. ఆ మరుసటేడు బ్యాండ్ ఆగిపోయింది.

నేను చెప్పేదానికి ఒక అభ్యంతరం ఉంది, అది గట్టిదే. పల్ప్ ఒక్కటి గెలిచింది సరే, అదే భృతి మీద బతికి ఏ పాటా మిగల్చకుండా పోయిన బ్యాండ్లు ఎన్నో కదా, పన్ను కట్టేవాడు వాళ్ళందరినీ ఎందుకు మొయ్యాలి అని. ఎందుకంటే, 1987లో పల్ప్ కూడా వాళ్ళలో ఒకటే. ఆ ఏడాది ఏ కమిటీ ముందు నిలబెట్టినా, ఏ కంపెనీ లెక్కలు చూసినా, ఇది పనికిరాని బ్యాండ్ అనే తేల్చేవాళ్ళు. ముందే ఏరుకుని ఒక్కరికే పెడదామనుకుంటే జార్విస్ ఆ ఒక్కరూ అయ్యేవాడు కాదు. ఆ డబ్బు పాట రాసినా రాయకపోయినా మనిషిని ఆకలికి వదలనిది. నా మట్టుకు నాకు అది దండగ ఖర్చుగా కనపడదు.

ప్రతిభ ఉంటే ఎక్కడున్నా పైకొస్తుందనే వాళ్ళతో నాకు అసలు పేచీ. పైకొచ్చినవాళ్ళనే చూసి అనే మాట అది. రాలేనివాళ్ళ పేర్లు మనకు తెలియవు గనక వాళ్ళు లేరనుకుంటాం. పల్ప్‌ని నిలబెట్టిన ఆసరాల్లో చాలావాటిని ఆ దేశమే తర్వాత తీసేసింది. 1996 అక్టోబరులో పాత నిరుద్యోగ భృతి పోయి, ఉద్యోగం వెతుకుతున్నట్టు రెండు వారాలకోసారి రుజువు చూపించాల్సిన కొత్త పద్ధతి వచ్చింది. 1998లో డిగ్రీ చదువుకి ఏడాదికి 1,000 పౌండ్ల దాకా ఫీజు మొదలైంది. 2012కి ఇంగ్లండ్‌లో అది 9,000 దాకా పోయింది, 2025లో 9,535. చేపల కొట్టులో పీతలు తోమే కుర్రాడు ఇవాళ పాతికేళ్ళ వయసులో సినిమా చదువుకి వెళ్ళాలంటే నెత్తిన అంత అప్పు పెట్టుకోవాలి. తల్లిదండ్రులు అద్దె కట్టగలిగినవాళ్ళు వెళతారు. గిటార్ వాళ్ళ చేతికే పోతుంది, పాట వాళ్ళ ఇళ్ళ గురించే అవుతుంది. ‘కామన్ పీపుల్’లోని అమ్మాయి మాత్రమే పాటలు రాయగలిగే రోజు వస్తుందేమోనని నా భయం.

పల్ప్ మళ్ళీ కలిసింది, 2011లో ఒకసారి, 2023లో ఇంకోసారి. బాసిస్టు స్టీవ్ మ్యాకీ 2023 మార్చిలో కన్నుమూశాడు. మిగిలినవాళ్ళు కలిసి ఇరవై నాలుగేళ్ళ తర్వాత కొత్త ఆల్బమ్ ‘మోర్’ చేశారు. అది 2025 జూన్‌లో వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. అదే జూన్‌లో షెఫీల్డ్‌లో లెడ్‌మిల్ నలభై అయిదేళ్ళ ప్రయాణం ముగిసింది. భవనం యజమానులతో కోర్టులో ఏళ్ళ తరబడి పోరాడి, ఓడి, నడిపేవాళ్ళు హాలు ఖాళీ చేశారు.

ఇలాంటి చిన్న వేదికల్ని కాపాడటానికి బ్రిటన్‌లో ఒక ఆలోచన నడుస్తోంది. పెద్ద స్టేడియాల్లో, అరీనాల్లో జరిగే కచేరీలకు అమ్మే ప్రతి టికెట్ మీదా 1 పౌండు పక్కనపెట్టి ఊళ్ళలోని చిన్న హాళ్ళకు ఇవ్వాలని. 2024 మేలో పార్లమెంటు కమిటీ కూడా ఇలాంటి సుంకం ఉండాల్సిందేనంది. కానీ ముందు స్వచ్ఛందంగా ఇవ్వమని అడుగుదామంది, ప్రభుత్వం కూడా ఆ దారే పట్టింది. నన్నడిగితే అడుగుతూ కూర్చోవడం కుదరదు, చట్టం చెయ్యాలి. ఆ పెద్ద వేదికల మీద ఇవాళ పాడుతున్నవాళ్ళలో ఎంతోమంది చిన్న హాళ్ళలోంచి నడిచొచ్చినవాళ్ళే గనక, ఆ ఒక్క పౌండూ దానం కిందకు రాదు, బాకీ కిందకు వస్తుంది.