గేరు పడకపోతే గేర్‌బాక్సే దించాలా?

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి మోసే పాత పికప్ గేరు పడక షెడ్డుకొస్తే చాలు, మన ఉస్తాదుల్లో కొందరిది ఒకటే ఫైసలా: "గేర్‌బాక్స్ దించాలి భాయ్!" బండిని ఒక్కసారి నడిపి కూడా చూడరు. ఇది జబ్బు కనుక్కోవడం కాదు, ఉత్త అందాజా. ఆ అందాజాకు ఖర్చు మాత్రం డ్రైవర్ జేబులోంచే.

ముందు ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేస్తే గరగరమంటున్నాయా? మొదటి షక్ క్లచ్ మీదే. హైడ్రాలిక్ క్లచ్ అయితే ఆయిల్ తగ్గిందా, గాలి చేరిందా, సిలిండర్ కారుతోందా చూడాలి. ఇంజిన్ ఆపినా బిగుసుకునే ఉన్నాయా? లింకేజీ, గేర్ ఆయిల్ చూడాలి. ఇవన్నీ బాగుండి ఒక్క గేరే మొరాయిస్తుంటే, జారిపోతుంటే అప్పుడు బాక్స్ మాట. మన పాత పికప్పులు దాదాపు అన్నీ చేతిగేరువే. ఎక్కడైనా ఆటోమేటిక్ వచ్చినా ఉసూల్ ఇదే: ముందు ఆయిల్ మట్టం, రంగు, మాడు వాసన.

క్లచ్ ప్లేటు మార్చాలన్నా బాక్స్ దించాల్సిందే, నిజమే. కానీ అది చూశాక తేలాల్సిన మాట.

"అంత టైమెక్కడిది?" అంటారు. బాక్స్ దించడానికి ఉన్న టైము, చూడటానికి లేదా? బండి ఆగితే ఎమ్మిగనూరు కిరాయి పోతుంది. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

షెడ్డులో ఉన్న బండి అమానత్. డ్రైవర్ భాయిలారా, "ఏం చూసి చెప్పారు?" అని అడగండి. తీసేసిన పాత పార్టు చేతికి తీసుకోండి. అది మీ హక్.