ఆదివారం బడి: గదిలోనా, ఫోన్లోనా?

బదిలీల ఉద్యోగం మాది. ఏ ఊరు వెళ్ళినా సామాను దింపుకోగానే తెలుగు మాట వినిపించే చోటు వెతుక్కుంటాం. ఖరగ్‌పూర్‌లో ఆ శ్రమ లేకపోయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పనికోసం వచ్చిన తెలుగువారి కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి. తెలుగులో ఆరాధన జరిగే చర్చిలున్నాయి. అలాంటి ఒక సంఘంలో ఆదివారం ఉదయం పిల్లల తరగతికి మేమూ సాయం చేసేవాళ్ళం.

చర్చి తరగతుల సంగతి బడి పత్రికలో ఎందుకని అనుకోవద్దు. బడిలో హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు చదివే ఆ పిల్లల్లో చాలామంది తెలుగు అక్షరాలు దిద్దింది ఆ తరగతిలోనే. కంఠత వాక్యం రాయాలన్నా, కీర్తనల పుస్తకం చదవాలన్నా అక్షరాలు రావాలి కదా!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి చర్చి తలుపులు మూతపడ్డాయి. తరగతి ఫోన్లోకి వెళ్ళింది. నష్టంతోపాటు ఊహించని లాభమూ కలిగింది. బదిలీ మీద ఆద్రాకో, చక్రధర్‌పూర్‌కో వెళ్ళిపోయిన కుటుంబాల పిల్లలు మళ్ళీ తరగతిలో కలిశారు. మంచం దిగలేని అమ్మమ్మలు మనవల పక్కన చేరి పాఠం విన్నారు.

తలుపులు తెరిచాక చిక్కు వచ్చింది. గదిలో పిల్లలు, బల్ల మీద ఫోను. రెండూ ఒకేసారి నడపబోయాం. ఫోను వైపు తిరిగితే గదిలో గోల. గది వైపు తిరిగితే ఫోన్లో పిల్లలు మాయం. పాట ఎత్తుకుంటే అవతలి గొంతులు ఆలస్యంగా వచ్చి తాళం తప్పేది. ఒక ఆదివారం చక్రధర్‌పూర్‌లో ఉన్న పాప చాలాసేపు చెయ్యెత్తి కూర్చుందట. మేము చూడనే లేదు. తర్వాత వాళ్ళమ్మ ఫోను చేసి, "పాప ఏడుస్తోందండీ" అంది. తప్పు ఫోనుది కాదు, మాది.

ఆ రోజునుంచి మా అభిప్రాయం ఒకటే. ఒకే గంటలో రెండు తరగతులు నడపకూడదు. ఊళ్ళో ఉన్న చిన్నపిల్లలకు ఆదివారం గదిలోనే చెప్పాలి. హిందీ అలవాటైన నోట 'పెళ్ళి' 'పెల్లి' అవుతుంది. 'ళ' పలకడానికి నాలుక ఎలా మడవాలో ఎదురుగా చూపిస్తేనే పట్టుబడుతుంది. ఒత్తులు దిద్దించాలంటే పక్కన కూర్చోవాలి. దూరాన ఉన్నవారికి వారంలో ఒక సాయంత్రం వేరుగా అరగంట తరగతి పెట్టాలి. ఏడెనిమిది మందికి మించకుండా, ప్రతి ఒక్కరినీ పేరుపెట్టి పిలవాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ డ్యూటీకి వెళ్ళే నాన్నదైతే, ఆయన్ని అడిగే సమయం నిర్ణయించాలి. వేసవిలో వి.బి.ఎస్. రోజులకు రాగలిగినవారంతా ఒకే చాప మీద కూర్చోవచ్చు.

"రెండు తరగతులకు టీచర్లు ఎక్కడ దొరుకుతారు?" అని సంఘ పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పెద్ద పిల్లలున్నారు కదా అన్నాం. పదో తరగతి చదివే ఒక అమ్మాయి గురువారం సాయంత్రాలు ఫోన్లో చిన్నవాళ్ళచేత చదివించింది. చెప్పేకొద్దీ తన తెలుగూ చక్కబడింది.

ఆ తర్వాత మాకు మళ్ళీ బదిలీ అయింది. ఇప్పుడు గురువారం సాయంత్రం ఫోను ముందు కూర్చునేది మా పిల్లలే. తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తుంటారు. పిలిచిన రోజు వాళ్ళ ముఖాలు చూస్తే, ఆ పాప ఎందుకు ఏడ్చిందో మాకు తెలుస్తోంది.