ఫార్మాట్ కొట్టే ముందు డీబగ్ కెర్నల్ మీద నడిపి చూద్దాం

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో కంప్యూటర్ హ్యాంగైతే మొదట వచ్చే మాట "మీరే ఏదో నొక్కుంటారు". రెండో మాట "ఫార్మాట్ కొట్టించండి". మా ఇళ్లల్లో కాలేజీకి వచ్చింది మేమే మొదటివాళ్లం. అసలే మెషీన్ ముందు కూర్చోవాలంటే భయం, ఆ మాట వింటే నిజంగా మా తప్పేనేమో అనుకునేవాళ్లం. ఈ ఏడాది ఒకే మెషీన్‌ని రెండుసార్లు ఫార్మాట్ చేశారు. ఒక అక్క ప్రాజెక్టు రిపోర్టు అందులోనే పోయింది. వారం తిరక్కుండా మళ్లీ హ్యాంగ్.

మేం చెప్పేది ఒక్కటే. ఏజెన్సీలో జ్వరమొస్తే ముందు రక్తం తీసి చూస్తారు కదా, మెషీన్‌కీ అట్లాగే చెయ్యాలి.

మావి ఫెడోరా లినక్స్ మెషీన్లు. అందులో కెర్నల్-డీబగ్ అని వేరే ప్యాకేజీ ఉంటుంది. అదీ ఆ కెర్నలే, కాకపోతే వేగం కోసం మామూలు దాంట్లో ఆపేసిన తనిఖీలు ఇందులో నడుస్తాయి. వాటిలో కేసాన్ ఒకటి, 2015లో లినక్స్ 4.0తో వచ్చింది. వదిలేసిన మెమరీని ఏ డ్రైవరైనా మళ్లీ ముట్టుకుంటే పట్టిస్తుంది.

పేరు చూసి మోసపోకండి. కెర్నల్-డీబగ్‌ఇన్ఫో వేరు. అది ఏ తనిఖీ చెయ్యదు, క్రాష్ డంప్ చదవడానికి కావాల్సిన పేర్లు, లైన్ నంబర్లు మాత్రమే ఇస్తుంది. వందల ఎంబీలు ఉంటుంది. మేం తెలియక ముందు అదే దించాం, ముగ్గురి ఫోన్లలో ఆ రోజు డేటా ఖాళీ.

ఇంకో మాట. అప్‌డేట్ తర్వాతే హ్యాంగులు మొదలైతే ముందు బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని చూడండి. ఫెడోరా మామూలుగా మూడు ఉంచుతుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

మాకు పాతదానిలోనూ హ్యాంగయింది. అందుకే అదే వెర్షన్ డీబగ్ కెర్నల్ వేశాం (వేరే వెర్షన్ వేస్తే దేన్ని దేంతో పోల్చాలి?). మొదటి రాత్రి ఒక్క హ్యాంగూ లేదు! పండగ చేసుకున్నాం. తీరా చూస్తే వైఫై డాంగిలే పనిచెయ్యట్లేదు. దాని డ్రైవర్ బయటి నుంచి తెచ్చి కట్టుకున్నది, కొత్త కెర్నల్‌కి మళ్లీ కట్టాలి. కెర్నల్-డీబగ్-డెవెల్ దించి కట్టాం. మర్నాడు స్టడీ అవర్లో కేసాన్ రిపోర్టు వచ్చింది. ఏ ఫంక్షన్ ముట్టుకుంది, ఆ మెమరీని ముందు ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలేశారు, అన్నీ వరసగా ఉన్నాయి. తప్పు డాంగిల్ డ్రైవర్‌ది.

రోజూ వాడేది మాత్రం కాదిది. 4 జీబీ ర్యామ్‌లో దాదాపు అర జీబీ కేసాన్ లెక్కలకే పోతుంది, మెషీన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. పైగా వేగం మారితే కొన్ని తప్పులు కనబడకుండా దాక్కుంటాయి. అంటే డీబగ్‌లో హ్యాంగవలేదు కాబట్టి మెషీన్ బాగుందని రాసివ్వొద్దు. దొరికాక మామూలు కెర్నల్‌కి వచ్చెయ్యండి.

రిపోర్టు ప్రింటు తీసి సార్‌కి ఇచ్చాం. చాలాసేపు చూశారు. "అయితే మీరు నొక్కింది కాదన్నమాట" అన్నారు. డాంగిల్ తీసేసి కేబుల్ వేయించారు. ఫార్మాట్ మాట మళ్లీ ఎత్తలేదు. అక్క రిపోర్టు మాత్రం మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు చేస్తోంది, రాత్రి పదింటి దాకా మేం వంతులవారీగా చదివి పెడుతున్నాం.