మందుల చీటీ ఊరందరికీ ఎందుకండీ?

మా కోనసీమలో కొన్ని మందులు గొంతు తగ్గించి అడుగుతామండి. పక్కనోడు వింటే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోద్ది. 2018 జూన్‌లో ఏం బయటపడిందో గుర్తుందా? మన రాష్ట్రంలో అన్న సంజీవిని షాపుల్లో మందులు కొన్నోళ్ల పేర్లు, ఫోన్ నెంబర్లు, కొన్న మందులతో సహా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరికైనా కనపడేలా ఉన్నాయి. ఎవడూ తాళం పగలగొట్టలేదు, తలుపే తీసుంది!

మందు పేరు తెలిస్తే జబ్బు తెలిసినట్టే. పెళ్లి సంబంధం చెడటానికి అది చాలదా?

ఇప్పుడు 14 అంకెల ఆభా నెంబర్ వచ్చింది. రిపోర్టులన్నీ ఒకచోట దొరికితే మంచిదే. కానీ తీసుకోవడం మనిష్టం, రికార్డు చూపించడమూ మనిష్టమే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకే తమ్ముళ్లూ, ఎవరైనా ఓటీపీ చెప్పమంటే ముందు "ఎందుకండీ?" అని అడగండి. ఇంట్లో పెద్దోళ్లకీ అది నేర్పండి.