లంగరు చోటు చూసుకున్నాకే ప్రయాణం

మధ్యధరా తీరంలో ఓ వారం తెరచాప పడవలో తిరిగి రావాలనుకునేవాళ్లు ముందుగా పట్టించుకునేవి పడవ అద్దె, షెంజెన్ వీసా, ఫొటోల్లో మనసు పడ్డ తీరాలు. రాత్రిపూట లంగరు ఎక్కడ వేయాలన్నది పడవెక్కాక స్కిప్పర్ చూసుకుంటాడులే అని వదిలేస్తారు. ఈ వరుస మారాలి. ముఖ్యంగా స్పెయిన్‌లోని బలేరిక్ దీవులకు, అంటే మయోర్కా, ఇబీజా, ఫార్మెంటెరా వైపు వెళ్లేవాళ్లు ముందు లంగరు చోట్లు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే తేదీలూ దారీ నిర్ణయించుకోవాలి. ఇలా అనడానికి కారణం అక్కడి సముద్రగర్భంలో పెరిగే పొసిడోనియా అనే మొక్క.

ఇది నాచు కాదు. వేళ్లు, ఆకులు, పూలు, కాయలు అన్నీ ఉన్న అసలైన మొక్క, ఇక్కడి జాతి మధ్యధరాలో తప్ప మరే సముద్రంలోనూ పెరగదు. పసుపు కొమ్ములా ఇసుకలో అడ్డంగా పాకే కాండం నుంచి మీటరు దాకా పొడవుండే ఆకులు లేస్తాయి. నీళ్లు తేటగా ఉన్నచోట దాదాపు 40 మీటర్ల లోతు వరకూ ఈ పచ్చిక పరుచుకుని ఉంటుంది. చేపపిల్లలు పెరిగేది ఇందులోనే. అలల జోరు తగ్గించేదీ, నీటిలో తేలే మట్టిని కిందికి దింపేదీ ఇదే. ఫార్మెంటెరా తెల్లని ఇసుకలో చాలా భాగం ఈ పచ్చికలో బతికే చిన్న జీవుల పెంకుల పొడి. ఒడ్డుకు కొట్టుకొచ్చి గుట్టలు పడే ఎండుటాకులు చూడ్డానికి చెత్తలా ఉన్నా, తుపాను అలలకు ఇసుక కోసుకుపోకుండా అడ్డుపడతాయి. అద్దంలాంటి నీళ్లు, తెల్లటి ఇసుక అని మనం ఏ అందం కోసం అంత దూరం వెళ్తున్నామో, అందులో పెద్ద వాటా ఈ మొక్క పెట్టిన భిక్షే. 1999లో ఇబీజాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు యునెస్కో ఈ పచ్చిక బయళ్లను కూడా లెక్కలోకి తీసుకుంది.

అయితే ఈ కాండం పాకేది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. ఇక లంగరు చేసే పని చూడండి. ఐదు మీటర్ల లోతున్న చోట పడవ నిలవాలంటే ఇరవై, పాతిక మీటర్ల గొలుసు వదలాలి. అందులో ఎక్కువ భాగం నేలమీదే పడి ఉంటుంది. రాత్రి గాలి దిశ మారినప్పుడల్లా పడవ తిరుగుతుంది, దాంతోపాటు గొలుసు నేలను రాసుకుంటూ ఆకుల్ని కోసుకుపోతుంది. తెల్లారి మరతో లంగరు పైకి లాగితే దాని కొనకు వేళ్లూ కాండాలూ ముద్దగా ఊడివస్తాయి. ఒక్క రాత్రిలో పడిన ఆ గుంత మళ్లీ పూడాలంటే దశాబ్దాలు పడుతుంది. ఆలోగా నీటి ఒరవడికి గుంత అంచులు ఇంకా విరిగిపోతుంటాయి. అందుకే 2018లో బలేరిక్ ప్రాంతీయ ప్రభుత్వం పొసిడోనియా మీద లంగరు వేయడాన్ని నిషేధించింది. ఇసుకలో వేసుకోవచ్చు.

నష్టమంతా కోటీశ్వరుల పెద్ద నౌకల వల్లే, పది పన్నెండు మీటర్ల అద్దె పడవతో పోయేదేముంది అనే వాదన ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. 24 మీటర్లు దాటిన నౌకలు పచ్చిక మీద లంగరు వేయకుండా ఫ్రాన్స్ తన తీరంలో ఆంక్షలు పెట్టింది కూడా అందుకే. కానీ పెద్ద నౌకలు నిలవలేని చిన్న చిన్న అఖాతాల్లోకి వెళ్లేవి చిన్న పడవలే, అదీ వేసవి పొడుగునా, రోజూ. ఒక పడవ ఖాళీ చేసిన చోటే సాయంత్రానికి మరోటి వచ్చి లంగరు వేస్తుంది. గాయం మానే వ్యవధి ఎక్కడిది?

భద్రత ముఖ్యం కదా, ఎక్కడ పట్టు దొరికితే అక్కడ వేయక తప్పదంటారు మరికొందరు. నిజానికి పట్టు దొరికేది ఇసుకలోనే. దట్టమైన ఆకుల మీద పడ్డ లంగరు చాలాసార్లు నేలలో దిగకుండా జారిపోతుంది, గాలి హెచ్చినప్పుడు పడవ కొట్టుకుపోతుంది. లేత ఆకుపచ్చగా, వెలుగ్గా కనిపించే నీటి కింద ఇసుక ఉన్నట్టు, ముదురు మచ్చలా కనిపిస్తే పచ్చిక ఉన్నట్టు. అయితే ఆ తేడా కంటికి ఆనాలంటే ఎండ ఉండగానే చేరుకోవాలి. చీకటి పడ్డాక చేరితే పడవ నడిపేవాడికీ నేల కనిపించదు. రోజుకు ఎంత దూరం వెళ్లాలన్నది ఇంటిదగ్గరే తేల్చుకోవాలనేది ఇందుకే.

అందరికీ సరిపడా ఇసుక చోట్లుండవు, లంగరు వేయకుండా పడవ కట్టేసుకునే బోయాలకు డబ్బు కట్టాలి, ఆగస్టులో అవీ దొరకవు అన్నది బలమైన అభ్యంతరం. బ్రిటన్, జర్మనీల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు పిల్లల బడి సెలవులు వచ్చేదీ అప్పుడే. వాళ్లను జూన్‌కో సెప్టెంబరుకో మార్చుకోమనడం తేలిక, వాళ్లకు మార్చుకోవడం కష్టం. అలాంటప్పుడు తిరిగే చోట్లు తగ్గించుకోవాలి. ఏడు రాత్రులకు ఏడు అఖాతాలు అక్కర్లేదు, మూడు చాలు. మయోర్కాకు దక్షిణాన ఉన్న కబ్రేరా 1991 నుంచి జాతీయ ఉద్యానం. అక్కడ ముందే అనుమతి తీసుకుని, కేటాయించిన బోయాకు పడవ కట్టుకోవాల్సిందే. అలా కట్టుకున్నవాళ్లకు లంగరు జారుతుందేమోనన్న బెంగ ఉండదు, రాత్రి నిద్ర పడుతుంది. బోయా రుసుమును అద్దెలో భాగంగానే లెక్కేసుకోవాలి.

భారమంతా ప్రయాణికుడి మీదే మోపడం కూడా సరికాదు. పడవలు అద్దెకిచ్చే సంస్థలు బుకింగ్ రోజునే ఆ తీరపు సముద్రగర్భ పటాన్ని చేతికివ్వాలి, బోయాలు తామే రిజర్వు చేసి పెట్టాలి. వారం మొదట్లో పడవ అప్పగించేటప్పుడు తెరచాప ఎత్తడం, ఇంజిన్ నడపడం చూపిస్తున్నట్టే, పచ్చికకూ ఇసుకకూ తేడా ఎలా పట్టాలో కూడా చూపించాలి. బుక్ చేసుకునేవాళ్లు డబ్బు కట్టే ముందే ఈ మూడూ అడగాలి. సమాధానం చెప్పలేని సంస్థను వదిలి మరో సంస్థను చూసుకోవాలి.