మెట్ల క్రింద నిలిచిన యాత్రికులు

గోదావరికి పుష్కరములు పండ్రెండేండ్ల కొకసారి వచ్చును. 2015వ సంవత్సరమున జరిగిన పుష్కరములకు తరువాతివి 2027లోనివి. బాసర, ధర్మపురి, కాళేశ్వరము, భద్రాచలములు మొదలు రాజమహేంద్రవరము, కొవ్వూరుల వఱకు రేవులన్నియు ఆ దినములలో జనసముద్రములగును. ఇట్టి పర్వములకు ముందు ప్రభుత్వములు స్నానఘట్టములు గట్టించుట, రోడ్లు వేయించుట, బసలు నిర్మించుట వాడుక. ఆ కట్టడములకు పటములు గీయువారిని, వానికి అనుమతు లిచ్చువారిని మేమొక ప్రశ్న యడుగదలచితిమి. కాళ్లు చాలనివారు, చూపు లేనివారు నదిలో మునుగుటకు మీ పటములో దారి యెక్కడ నున్నది?

ఇది కొలదిమంది గోడని త్రోసివేయరాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులుగా నమోదైనవారే 2 కోట్ల 68 లక్షలు. వయసు మీఱి మోకాళ్లు సహకరింపనివారు, నిండుచూలాండ్రు, జబ్బుపడి లేచినవారు ఈ లెక్కకు వెలుపలివారు. మెట్టు వీరందఱకును ఒక్కటే.

మన ప్రజలకు యాత్ర విలాసము గాదు. తలిదండ్రుల యస్థికలు నదిలో గలుపుట, మ్రొక్కు చెల్లించుట, పితృదేవతలకు పిండము పెట్టుట యాత్రతో ముడివడిన ధర్మములు. కాలు చాలని కుమారునికిని తండ్రి తండ్రియే గదా! అతడు రేవు పైమెట్టున గూర్చుండి, తన చేయవలసిన కర్మ మఱియొకరు చేయుచుండగా చూచి మరలిపోవలెనా?

“అట్టివారిని మేము మోసికొని పోవుదుము, డోలీలు గలవు, కూలీలు గలరు,” అని కొందఱు చెప్పుదురు. వారి దయను మేము శంకింపము. కాని మోయబడువాడు తాను దలచినప్పుడు పోలేడు, నిలువదలచినచోట నిలువలేడు. మోయువాని యోపిక యెంతయో వాని యాత్రయు నంతే. దయ యున్నచోట పని జరుగును, లేనిచోట నాగిపోవును. హక్కు అట్టిది గాదు. స్వరాజ్యమునకును సత్పరిపాలనకును గల భేదమును చెప్పికొనుచు పెరిగిన జాతికి ఈ మాట విడమరచి చెప్పనక్కఱలేదు.

ప్రాచీన సంప్రదాయమునకు భంగమను ఆక్షేపణ మఱియొకటి. దీనికి సమాధానము తిరుమలకొండయే చెప్పుచున్నది. అలిపిరి నుండి పైకి 3,550 మెట్లు. 1944లో ఘాటురోడ్డు వచ్చిన పిమ్మట కొండ వృద్ధులకును రోగులకును అందినది. అందువలన మెట్లమార్గమునకు వచ్చిన లోపమేమి? నడువగలవారు నేటికిని గోవిందనామ స్మరణతో నడుచుచునే యున్నారు. ఒక దారి చేర్చుటచే రెండవది చెడలేదు. గ్రీసుదేశమున ఏథెన్సు నగరపు అక్రోపొలిస్ కొండపైని దేవాలయములు దాదాపు రెండువేల నాలుగువందల యేండ్ల నాటివి. అట్టి కొండకును 2004లో వికలాంగులకై లిఫ్టు నమర్చిరి. అది పాతబడగా 2020లో క్రొత్తదానిని పెట్టిరి. ఆ శిలల ఘనత తగ్గినదని యెవరును చెప్పుట లేదు.

అంత దూరమేల? 2001 జనవరిలో విఖ్యాత శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగు ఢిల్లీకి వచ్చెను. ఆయన చక్రాల కుర్చీని విడిచి కదలజాలడు. వికలాంగుల హక్కులకై పాటుపడిన జావేద్ అబీదీ ప్రభృతులు పట్టుపట్టగా, పురావస్తుశాఖవారు కుతుబ్‌మీనారు, జంతర్‌మంతర్ మొదలగు కట్టడములకడ కొయ్యతో వాలుబాటల నమర్చిరి. అతిథి కొఱకు సాధ్యమైనది పౌరుని కొఱకు ఏల సాధ్యము గాదు?

ఇక శాసనము మాట. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ఈ విషయమున మిక్కిలి స్పష్టముగ నున్నది. ప్రజలు వచ్చిపోవు భవనము, అది ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, ‘పబ్లిక్ భవన’ మనబడును. మతసంబంధమైనవి, వినోదమునకైనవి, రైలు స్టేషనులు, బస్సు స్టాండులు అందు పేర్కొనబడినవి. 44వ సెక్షను ప్రకారము నిబంధనల ననుసరింపని పటమునకు అనుమతి యీయరాదు; కట్టినదానికి పూర్తియైనట్లు ధ్రువపత్ర మీయరాదు. 45వ సెక్షను పాత భవనములను సైతము నిబంధనలు వెలువడిన యైదేండ్లలోపల సవరింపవలెనని విధించినది. నిబంధనలు వెలువడినది 2017 జూన్‌లో; గడువు 2022తో దాటినది. చట్టము నతిక్రమించినవారికి మొదటిసారి పదివేల రూపాయల వఱకు, ఆపైన ఏబదివేల నుండి ఐదులక్షల వఱకు జరిమానా గలదు.

అట్లుండియు పని సాగకుండుటకు కారణమొకటి 2024 నవంబరు 8వ తేదీన సుప్రీముకోర్టు తీర్పున వెల్లడియైనది. చూపులేని రాజీవ్ రాతూరి 2005లో వేసిన వ్యాజ్యమది. హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రము సమర్పించిన నివేదికను కోర్టు పరిశీలించినది. చట్టము ‘చేయవలెను’ అని విధింపగా, 15వ నిబంధన దానిని ‘చేసిన మంచిది’ అను సలహాగా మార్చినదని తేల్చి, ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పి, తప్పనిసరిగ పాటింపవలసిన నియమములను మూడు మాసములలో రచింపుడని కేంద్రము నాజ్ఞాపించినది. శాసనమును సలహాగా చదువుకొనుట మన కార్యాలయముల పాత రోగము. 2015లో ‘వికలాంగుడు’ అను పేరు మార్చి ‘దివ్యాంగుడు’ అన్నారు. పేరు మారినంతనే మెట్టు కఱగదు.

ఘట్టములకు కావలసినదేమో సూటిగ జెప్పెదము. చక్రాల కుర్చీ పోదగిన వాలుబాటకు ఒక యడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు కావలెను. రేవు పదియడుగుల లోతుకు దిగినచో నూటయిరువదడుగుల బాట, నడుమ నడుమ విశ్రమించు తావులు, ఇరువైపుల పట్టుకొమ్ములు వలయును. ఇంత చోటు పటములోనే విడువవలెను. కాంక్రీటు గట్టిపడిన తరువాత దొరకదు. పేరునకు నిట్టనిలువుగ పోసిన సిమెంటు వాలు మెట్టుకన్న ప్రమాదకరము. బాట చివర జాఱని చప్టా, గొలుసు, కుర్చీ పట్టునంత వెడల్పు తలుపుగల మరుగుదొడ్డి, బట్టలు మార్చుకొను గది, చూపులేనివారికి కాలికి తెలియు గుర్తుబిళ్లలు, వినరానివారికి వ్రాతబోర్డులు కావలెను. 2015 జూలై 14న రాజమహేంద్రవరపు పుష్కరఘట్టమున త్రొక్కిసలాటలో 27 మంది ప్రాణములు గోల్పోయిరి. బలము గలవారే నిలువలేని చోట వీరి గతి యేమి? వీరికి ప్రత్యేకమార్గము సౌకర్యము మాత్రమే గాదు, ప్రాణరక్షణ.

వ్యయ మెక్కువయను మాటయు వినవచ్చును. ముందుగ వేసిన బాటకు వ్యయము స్వల్పము. కట్టినదానిని పగులగొట్టి మరల కట్టుటయే దుబారా. “అట్టివారు ఎందఱు వత్తురు?” అనువారికి మా ప్రత్యుత్తర మిది: దారి లేదు గనుక రారు, రారు గనుక దారి వేయరు. ఈ చక్రమును త్రెంపవలసినవాడు దారి వేయువాడే.

1947లో మదరాసు ఆలయప్రవేశ చట్టము కులము పేర మూసిన గుడితలుపులను తెఱచినది. నాడును సంప్రదాయము, వ్యయము, శాంతిభద్రతలు అను సాకులు వినవచ్చెను. తలుపు తెఱచిన జాతి గడప దాటించుటకు వెనుదీయరాదు.

మా పఠనమందిర సోదరులారా! ఈ పని ప్రభుత్వమునకే విడువకుడు. మీ యూర ఘట్టమునకు, గుడికి, బస్సు స్టాండునకు పటము సిద్ధమైనప్పుడు మునిసిపలు కార్యాలయమునకుగాని దేవాదాయశాఖకుగాని పోయి చూపుమనుడు. చూపకున్న సమాచారహక్కు చట్టము క్రింద నడుగుడు. చక్రాల కుర్చీ వాడువారిని, చూపులేనివారిని వెంటబెట్టుకొని పోవుడు. లోపమును మనకంటె వారే ముందు గుర్తింతురు. వాలుబాట లేనిచో 44వ సెక్షను నుదహరించి అభ్యంతరము వ్రాసియిండు. వినకున్న రాష్ట్ర వికలాంగుల కమీషనరునకు ఫిర్యాదు చేయుడు. పటము కాగితముపై నున్నంతవఱకే దిద్దుట తేలిక.