సాక్షికి సెలవు ఎవరివ్వాలి?



మన సంఘంలో పెరిగి ఇప్పుడు కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న తమ్ముడొకడు పోయిన వారం ఫోన్ చేశాడు. రెండేళ్ల క్రితం వాళ్ల అపార్ట్‌మెంట్‌లో దొంగతనం జరిగింది. పోలీసులు వాచ్‌మన్ గది సోదా చేసినప్పుడు ఇతన్ని పిలిచి పంచనామా మీద సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడు కోర్టు నుండి సమన్లు వచ్చాయి. "అయ్యగారూ, ఆ రోజు మన కూటములు ఉన్నాయి, నేను పాటలు నడిపించాలని ఒక లెటర్ రాసివ్వండి" అన్నాడు.

కూటములు ఉన్న మాట నిజమే. అతను రాకపోతే పాటలు ఆగిపోతాయన్నది నిజం కాదు. రాయనన్నాను. అతను నొచ్చుకున్నాడు. ఇలాంటి ఉత్తరాలు మీలో చాలామంది అడుగుతారు, నేనూ కొన్ని రాసిచ్చాను. అందుకే అందరికీ చెబుతున్నాను.

అమెరికాలో పౌరసత్వం తీసుకున్న మన పిల్లలకు జ్యూరీ డ్యూటీ పిలుపు వస్తుంది. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్లు దానికి అర్హులు కారు. మన దేశంలోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మినహాయింపుల జాబితా ఉంది. జడ్జీలు, పోలీసులు, సైనికులు, వైద్యులతో పాటు తమ తమ మతాల్లో యాజకత్వం చేసేవారు కూడా అందులో ఉన్నారు. అంటే నాలాంటివాడికి చట్టమే సెలవిచ్చింది. 1973లో కొత్త కోడ్ వచ్చాక జ్యూరీ పోయింది, పంచ్ సాక్షి మిగిలాడు.

నేటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 103వ సెక్షన్ ప్రకారం సోదాకు ఆ ప్రాంతపు గౌరవస్తులను కనీసం ఇద్దరిని పిలవాలి. రాతపూర్వకంగా పిలిచాక తగిన కారణం లేకుండా నిరాకరిస్తే నేరం. కోర్టు ప్రత్యేకంగా సమన్లు పంపితే తప్ప ఆ సాక్షి కోర్టుకు రానక్కరలేదు. మన తమ్ముడికి ఆ సమన్లే వచ్చాయి. ఇక్కడ పాస్టరుకైనా, పాటలు పాడేవాడికైనా ప్రత్యేక మినహాయింపు లేదు.

మినహాయింపే తప్పని నేననను. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం చదవండి. కొత్త ఇల్లు కట్టినవాడిని, ద్రాక్షతోట నాటినవాడిని, పెండ్లి నిశ్చయమైనవాడిని, చివరికి భయపడేవాడిని కూడా యుద్ధం నుండి ఇంటికి పంపమన్నాడు దేవుడు. అయితే లూకా 14లో విందుకు పిలిచినవారు పొలం, ఎడ్లు, పెండ్లి అని సాకులు చెప్పినప్పుడు ఆ యజమాని కోపగించుకున్నాడు. సాక్ష్యం విషయంలో లేవీయకాండము 5వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంది. చూసి, తెలిసి, చెప్పనివాడు దోషాన్ని భరించాలి.

మంచాన పడ్డవాడికి, పసిబిడ్డ తల్లికి, కదలలేని తండ్రిని ఒంటరిగా చూసుకునేవాడికి నేను సంతోషంగా ఉత్తరం రాస్తాను. మేనేజర్ సెలవివ్వడని, రోజంతా కూర్చోబెట్టి వాయిదా వేస్తారని భయపడేవారి కష్టం కూడా నాకు తెలుసు. అలాంటివారు నిజం చెప్పి వేరే తేదీ అడగండి. వీడియో ద్వారా సాక్ష్యం తీసుకొనే వీలు కూడా కొత్త చట్టంలో ఉంది. అబద్ధానికి మాత్రం సంఘం లెటర్‌హెడ్ వాడకండి.

ఆ గదిలో ఏం దొరికిందో, ఏం దొరకలేదో పోలీసులు కాక కళ్లారా చూసినవాళ్లు ఇద్దరే. వాచ్‌మన్ దొంగో కాదో నాకు తెలియదు. దొంగ కాకపోతే అతని నిర్దోషిత్వం, దొంగైతే నష్టపోయినవారి న్యాయం, రెండూ వీళ్ల నోటి మాట మీదే ఆధారపడవచ్చు.

నా సంగతీ చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం మన ఊరి రోడ్డు మీద ఒక కూలీని లారీ గుద్దడం నేను చూశాను. అడిగినప్పుడు "ప్రార్థన కూడిక ఉంది" అని తప్పుకున్నాను. ఆ కేసు నిలబడలేదు. ఆ కుటుంబం ఇప్పటికీ మన మందిరం వెనుక వీధిలోనే ఉంది. ఆ వీధిలో నేను తల ఎత్తి నడవలేను.

అందుకే మన తమ్ముడికి ఒకటే చెప్పాను: "భయమైతే నేను తోడు వస్తాను బాబూ. కోర్టు బయట కూర్చుంటాను. ఆ రోజు కూటములలో వాక్యం వేరే సేవకుడు చెబుతాడు." అతను ఇంకా జవాబివ్వలేదు. అతని కోసం ప్రార్థించండి, ఆ వాచ్‌మన్ కోసం కూడా.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.